వద్దన్న టేకులే.. నాకు ముద్దు!

నా ఫోన్‌లో ఒక ఆడియో ఫైల్‌ ఉంది. ట్రంపెట్‌, సాక్సోఫోన్‌ ఒకదాన్నొకటి తరుముకుంటూ మొదలవుతాయి. అసలు పాట ఎత్తుకుని కాసేపైనా కాకముందే ఎవరో ఆపేస్తారు. అంతే. సంగీతం లేదు, ముగింపూ లేదు. ‘పాడైపోయిన ఫైల్‌ కదా, డిలీట్‌ చెయ్‌’ అంటారు మా ఇంట్లోవాళ్లు. నేనైతే దాన్ని రెండుచోట్ల బ్యాకప్‌ తీసి పెట్టుకున్నా!

అదేంటో చెప్తా. 1945 నవంబరు 26, న్యూయార్క్‌. సవోయ్‌ అనే చిన్న రికార్డుల కంపెనీ కోసం పాతికేళ్ల సాక్సోఫోన్‌ కళాకారుడు చార్లీ పార్కర్‌ వాయిస్తున్నాడు. అతనికి బాగా ఇష్టమైన పాటల్లో ‘చెరోకీ’ ఒకటి. రే నోబుల్‌ అనే ఆయన కట్టిన బాణీ. మొదటి టేకులో పార్కర్‌ ఆ బాణీ ఎత్తుకోగానే రికార్డింగ్‌ ఆగిపోయింది. బాణీ వాడితే దాని హక్కుదారుకు రాయల్టీ కట్టాలి మరి. దాని కింద నడిచే కార్డ్స్‌ వరుసకు మాత్రం ఎవరికీ ఏమీ కట్టక్కర్లేదు. అందుకే తర్వాతి టేకులో బాణీని పూర్తిగా వదిలేశారు. అదే కార్డ్స్‌ మీద పార్కర్‌ నేరుగా సొంత కల్పనలోకి దూకేశాడు. అదే ‘కోకో’. బీబాప్‌ అనే కొత్త జాజ్‌కి ఇదే జెండా అని ఇప్పటికీ చెప్పుకొంటారు.

ఆ విరిగిన ముక్క వినకపోతే ‘కోకో’ ఎక్కడి నుంచి వచ్చిందో మనకు తెలిసేది కాదు. జాజ్‌లో ‘ఆల్టర్నేట్‌ టేకులు’ పోగేసే నాలాంటి వాళ్ల పిచ్చి అంతా ఇక్కడే మొదలవుతుంది.

ఇంతకీ టేక్‌ అంటే?

మన కచేరీలు వినేవాళ్లకు ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. ఒకే విద్వాంసుడు, ఒకే రాగం. అయినా నిన్నటి ఆలాపన ఇవాళ ఉండదు. మనోధర్మం అంటే అదే కదా! జాజ్‌లోనూ అంతే. బాణీ ఒక్కటే, మధ్యలో వాయించే సోలో మాత్రం అప్పటికప్పుడు పుడుతుంది. అందుకే జాజ్‌లో రెండో టేక్‌ అంటే మొదటిదానికి జిరాక్స్‌ కాపీ కాదు. అది మరో ఆలాపన.

పాతకాలం 78 ఆర్‌పీఎం ప్లేట్ల మీద ఒక్కో వైపు సుమారు 3 నిమిషాలే పట్టేది. టేపు వాడుకలోకి రాకముందు మైనపు పలక మీద నేరుగా గీసేవాళ్లు. మధ్యలో తప్పు దొర్లితే ఎడిట్‌ చేసే వీల్లేదు, మొత్తం మళ్లీ వాయించాల్సిందే. జాగ్రత్త కోసం ఒక్కో పాటను రెండు మూడుసార్లు తీసి పెట్టేవాళ్లు. ప్రతి పాటకూ ఒక మ్యాట్రిక్స్‌ నంబరు, దాని పక్కన ఎన్నో టేకో తెలిపే అంకె లేదా అక్షరం. పాత ప్లేటు చేతికొస్తే లేబుల్‌ చుట్టూ ఉండే నున్నటి భాగాన్ని వెలుతురులో తిప్పి చూడండి.. చాలావాటి మీద ఆ నంబరు గీసి కనిపిస్తుంది.

అసలు మజా ఏంటంటే.. అచ్చు అరిగిపోతేనో, విరిగిపోతేనో కంపెనీలు కొన్నిసార్లు వేరే టేకును అదే కేటలాగ్‌ నంబరుతో వదిలేసేవి. పైకి చూస్తే రెండూ ఒకే రికార్డు. లోపల వాయించింది వేరు! పాత తరం కలెక్టర్లు ఒకే ప్లేటును రెండుసార్లు ఎందుకు కొనేవాళ్లో ఇప్పుడర్థమైందా?

నా దగ్గర ఉన్నవేవీ లక్షలు పలికే ప్లేట్లు కావు. కొన్ని సీడీ పెట్టెలు, ఒక హార్డ్‌డిస్క్‌, ఒక నోట్‌బుక్‌. తేదీ, ఊరు, ఎవరెవరు వాయించారు, ఎన్నో టేకు.. ఈ నాలుగూ ఆ పుస్తకంలో రాసుకుంటా. చాలా యాప్స్‌లో కనిపించేది రీఇష్యూ అయిన సంవత్సరమే. రికార్డు చేసిన రోజు ఏదో తెలియకపోతే ఈ సరదాలో సగం పోయినట్టే.

ముక్కకూ ఓ పేరు

1946 మార్చి 28, లాస్‌ ఏంజెలెస్‌. డయల్‌ కంపెనీకి ‘ఎ నైట్‌ ఇన్‌ ట్యునీషియా’ రికార్డు చేస్తున్నారు. ట్రంపెట్‌ మీద ఉన్నది 19 ఏళ్ల మైల్స్‌ డేవిస్‌. ఆ పాటలో ఒకచోట మిగతావాళ్లంతా ఆగిపోతారు. ఆ నాలుగు బార్లూ పార్కర్‌ ఒక్కడివే. మొదటి టేకులో అతను ఆ ఖాళీని స్వరాల జడివానతో నింపేశాడు. టేకును మాత్రం పక్కన పెట్టేశారు.

కానీ ఆ నాలుగు బార్లను పారేయడానికి కంపెనీకి మనసొప్పలేదు. ఆ ముక్కను మాత్రమే కత్తిరించి తర్వాత ‘ఫేమస్‌ ఆల్టో బ్రేక్‌’ పేరుతో విడుదల చేశారు. ముందూ వెనకా లేని ఒక ముక్కకు సొంత పేరు! పూర్తి టేకులోని బ్రేక్‌ కూడా అద్భుతమే. కాకపోతే రెండూ పక్కపక్కన వింటే పార్కర్‌ తన మాట తానే మళ్లీ చెప్పడని తెలిసిపోతుంది.

జాన్‌ కోల్‌ట్రేన్‌ దారి వేరు. 1959 మేలో రికార్డయిన ‘జెయింట్‌ స్టెప్స్‌’లో కార్డ్స్‌ ఎంత వేగంగా మారిపోతాయంటే, అప్పట్లో చాలామంది కళాకారులకు ఊపిరాడలేదు. దానికి కొన్ని వారాల ముందే సీడర్‌ వాల్టన్‌ పియానోతో కోల్‌ట్రేన్‌ ఇదే పాటను ప్రయత్నించి పక్కన పెట్టాడు. ఆ టేకులు 1970ల్లో బయటికొచ్చాయి. అవి వింటే ఒక సంగతి బయటపడుతుంది. విడుదలైన సోలోలో మనం ‘అప్పటికప్పుడు పుట్టింది’ అనుకునే పలుకులు చాలావరకు అక్కడా ఉన్నాయి. అంటే అతను ఇంట్లో గంటల తరబడి సాధన చేసి, ఆ సామగ్రి అంతా సిద్ధం చేసుకునే వచ్చాడన్నమాట. నా దృష్టిలో కోల్‌ట్రేన్‌ని ఇది తగ్గించదు, ఇంకా పెంచుతుంది.

విడుదలైన టేకులో పియానో టామీ ఫ్లానగన్‌ది. అతని సోలో మధ్యలో తడబడుతుంది, ఆగి ఆగి నడుస్తుంది. అంత గొప్ప కళాకారుడి తడబాటు శాశ్వతంగా రికార్డులో ఉండిపోయింది. 1982లో ఫ్లానగన్‌ ఏం చేశాడో తెలుసా? ‘జెయింట్‌ స్టెప్స్‌’ పేరుతోనే ఆల్బమ్‌ చేసి, ఆ పాటను మళ్లీ వాయించాడు. ఈసారి తడబాటు లేదు. ఇరవై మూడేళ్ల తర్వాత తీసిన రీటేక్‌ అనుకోవచ్చు!

ఒకటే ‘ఇండియా’.. నాలుగు రాత్రులు

మన సంగీతమంటే కోల్‌ట్రేన్‌కి ప్రాణం. కొడుక్కి పండిట్‌ రవిశంకర్‌ పేరు మీద రవి అని పేరు పెట్టాడు. 1961 నవంబరులో న్యూయార్క్‌లోని విలేజ్‌ వ్యాన్‌గార్డ్‌ క్లబ్‌లో వాయించిన పాటల్లో ఒకదాని పేరు ‘ఇండియా’. 1, 2, 3, 5 తేదీల్లో.. నాలుగు రాత్రులూ దాన్ని రికార్డు చేశారు. 1963లో వచ్చిన ‘ఇంప్రెషన్స్‌’ ఆల్బమ్‌లో వినిపించేది వాటిలో ఒక్కటే. నాలుగూ ఒకేచోట దొరికింది 1997లో వచ్చిన సీడీ పెట్టెలో.

ఈ నాలుగింటినీ వరుసగా వినడం నాకు అలవాటు. తంబుర శ్రుతిలా కింద ఒకే ఆధారం నడుస్తుంటుంది. పైన మాత్రం ప్రతి రాత్రీ కొత్త దారి. ‘ఏది బెస్ట్‌’ అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్నే నప్పదనిపిస్తుంది.

దాచినవాళ్లు లేకపోతే..

ఇవన్నీ మనదాకా రావడం వెనక కంపెనీల ముందుచూపు తక్కువ. కొందరి మొండితనం, కొంత అదృష్టం ఎక్కువ.

డీన్‌ బెనెడెట్టి అని ఒక సాక్సోఫోన్‌ కళాకారుడు ఉండేవాడు. పార్కర్‌ అంటే వెర్రి అభిమానం. 1947, 48ల్లో రికార్డింగ్‌ మిషన్‌ మోసుకుని క్లబ్బులకు వెళ్లేవాడు. పార్కర్‌ సోలో మొదలవగానే ఆన్‌, అయిపోగానే ఆఫ్‌! మిగతావాళ్ల వాయింపు అతనికి అక్కర్లేదు. 1957లో బెనెడెట్టి చనిపోయాక ఆ రికార్డింగులు ఎక్కడున్నాయో దశాబ్దాలపాటు లోకానికి తెలియలేదు. దొరికాక 1990లో మొజాయిక్‌ సంస్థ 7 సీడీలుగా విడుదల చేసింది. శబ్దం గరగరే. కానీ రాత్రి క్లబ్‌లో, స్టూడియో గడియారం లేనిచోట పార్కర్‌ ఎలా ఉండేవాడో వినాలంటే అదే దారి.

ఇంకోటి. 1957లో థెలోనియస్‌ మంక్‌, కోల్‌ట్రేన్‌ కొన్ని నెలలు కలిసి వాయించారు. ఆ జోడీ రికార్డింగులు చాలా తక్కువ. ఆ ఏడాది నవంబరు 29న కార్నెగీ హాల్‌లో ఇచ్చిన కచేరీని వాయిస్‌ ఆఫ్‌ అమెరికా రేడియో కోసం టేపు చేశారు. అది 48 ఏళ్లు పెట్టెలోనే ఉండిపోయింది. 2005లో అమెరికా లైబ్రరీ ఆఫ్‌ కాంగ్రెస్‌లో పాత టేపులను డిజిటల్‌లోకి మారుస్తుంటే ల్యారీ ఆపెల్‌బామ్‌ కంట పడింది. అదే ఏడాది ఆల్బమ్‌గా వచ్చింది. శబ్దం ఎంత శుభ్రంగా ఉంటుందో!

1963 మార్చి 6న కోల్‌ట్రేన్‌ బృందం ఒక ఆల్బమ్‌కి సరిపడా వాయించింది. కంపెనీ దగ్గరి టేపు పోయింది. కోల్‌ట్రేన్‌ ఇంట్లో వినడానికి తెచ్చుకున్న కాపీ అతని మొదటి భార్య నయీమా కుటుంబం దగ్గర మిగిలింది. 2018లో విడుదలైంది. అందులో రెండు పాటలకు పేర్లే లేవు. మ్యాట్రిక్స్‌ నంబర్లే పేర్లు.. 11383, 11386!

దొరకనివీ ఉన్నాయి. 1978లో న్యూజెర్సీలో అట్లాంటిక్‌ కంపెనీ టేపులున్న గోదాము కాలిపోయింది. విడుదల కాని టేకులు పెద్దసంఖ్యలో బూడిదయ్యాయి. ఇక కాపీ లేనివి తిరిగిరావు.

‘ఆయనే వద్దన్నాడు కదక్కా!’

మా బాబాయి కొడుకు షార్ట్‌ఫిల్మ్స్‌ ఎడిట్‌ చేస్తాడు. ఒకరోజు సూటిగా అడిగేశాడు. ‘అక్కా, ఆ టేకు వద్దని వాళ్లే పక్కన పెట్టారు కదా. నేను తీసేసిన షాట్స్‌ అన్నీ ఎవడో పోగేసి జనానికి చూపిస్తే నాకెలా ఉంటుంది?’

ఈ ప్రశ్నను నవ్వి కొట్టిపారేయలేను. ఎందుకంటే ‘లవర్‌ మ్యాన్‌’ ఉంది.

1946 జులై 29. డయల్‌ కంపెనీ స్టూడియోకి వచ్చేసరికే పార్కర్‌ ఒళ్లు స్వాధీనంలో లేదు. మత్తుమందులకు అలవాటు పడ్డ శరీరం, దానిమీద మద్యం. ‘లవర్‌ మ్యాన్‌’లో ఎత్తుకోవాల్సిన చోట ఎత్తుకోలేదు. స్వరం వణుకుతుంది, మధ్యలో తెగిపోతుంది. ఆ రాత్రే హోటల్లో గొడవై అతన్ని పోలీసులు పట్టుకెళ్లారు. తర్వాత కమరిల్లో ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో సుమారు 6 నెలలు గడిపాడు. కంపెనీ మాత్రం ఆ రికార్డును విడుదల చేసేసింది. పార్కర్‌కి దానిమీద పట్టరాని కోపం వచ్చిందని అతని జీవితం గురించి రాసినవాళ్లంతా చెప్తారు.

ఆ రికార్డులో గొప్పదనం వినేవాళ్లున్నారు. నిజమే, గుండె పిండేస్తుంది. కానీ నాకు అక్కడ వినిపించేది ఒక కళాకారుడు ఇలాగా, అలాగా అని ఎంచుకోవడం కాదు. ఒక జబ్బుమనిషి కష్టం. ‘కోకో’ మొదటి టేకు వేరు, ఇది వేరు. మొదటిదాంట్లో ఆలోచన వినిపిస్తుంది. రెండోదాంట్లో బాధ అమ్మకానికి పెట్టారు.

అందుకే మా తమ్ముడికి ఒకటే చెప్పా. ‘దాచడం వేరురా, దండోరా వేయడం వేరు. నీ షాట్స్‌ నువ్వు డిలీట్‌ చేయకు. ఎవరికి చూపించాలన్నది మాత్రం నీ ఇష్టం’ అని. టేపులన్నీ దాచాల్సిందే, కాల్చేస్తే మళ్లీ రావు. కానీ దాచిన ప్రతిదీ ప్లేలిస్ట్‌లో పెట్టాలని లేదు. కళాకారుడు లేనప్పుడు ఆ విచక్షణ వినేవాళ్ల మీదే పడుతుంది. పార్కర్‌ని కొత్తగా వినేవాళ్లకు నేను 1946 నాటి ‘లవర్‌ మ్యాన్‌’ పంపను. 1951లో అతనే మళ్లీ రికార్డు చేసిన ‘లవర్‌ మ్యాన్‌’ పంపిస్తా. దాంతోపాటు ఆసుపత్రి నుంచి వచ్చాక 1947 ఫిబ్రవరిలో వాయించిన ‘రిలాక్సిన్‌ ఎట్‌ కమరిల్లో’ కూడా. దానికైతే ఎన్ని టేకులున్నా వినొచ్చు. అన్నింట్లోనూ కోలుకున్న మనిషే ఉంటాడు.

మీరూ వింటారా?

ముందు విడుదలైన టేకునే వినండి. అది నోటికి వచ్చేదాకా వినండి. ఆ తర్వాతే రెండోది. లేదంటే తేడా పట్టుకోలేరు, బోర్‌ కొట్టి స్కిప్‌ చేసేస్తారు. రీఇష్యూ ఆల్బమ్స్‌లో ‘ఆల్టర్నేట్‌ టేక్‌’ అంటే విడుదల చేయని మరో టేకు, ‘ఫాల్స్‌ స్టార్ట్‌’ అంటే ఎత్తుకోగానే ఆగిపోయింది, ‘బ్రేక్‌డౌన్‌’ అంటే మధ్యలో తెగిపోయింది అని గుర్తుపెట్టుకోండి.

మొదటి జోడీగా మైల్స్‌ డేవిస్‌ 1959 ఆల్బమ్‌ ‘కైండ్‌ ఆఫ్‌ బ్లూ’లోని ‘ఫ్లమెంకో స్కెచెస్‌’ తీసుకోండి. ఆ ఆల్బమ్‌ మొత్తానికి పూర్తిగా మిగిలిన రెండో టేకు ఈ పాటకే ఉంది. నెమ్మదైన పాట కాబట్టి కొత్త చెవులకూ సులువు. హెడ్‌ఫోన్స్‌ పెట్టుకుని రెండూ వరుసగా వినండి. ట్రంపెట్‌ ఎక్కడ ఆగింది, సాక్సోఫోన్‌ ఎక్కడ వేరే దారి పట్టింది.. ఒక కాగితం మీద రాసుకోండి. రెండు టేకులకూ మధ్య కనీసం మూడు తేడాలు పట్టుకున్నారంటే మీరు కూడా మా పిచ్చోళ్ల జాబితాలో చేరిపోయినట్టే!