నకలు నమ్మదగినదేనా?

పాలంపేటలో రామప్పగుడిగా పేరుపొందిన రుద్రేశ్వరాలయం 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినది. ఆ గుడి ప్రాంగణంలో రేచర్ల రుద్రుడు శకవర్షం 1135లో, అనగా క్రీ. శ. 1213లో, వేయించిన శిలాశాసనం ఉన్నది. ఇటువంటి శాసనాలకు నకలు తీసేవారు ముందుగా రాతిని కడిగి, తడికాగితం పరచి, దానిని కుంచెతో కొడతారు. కాగితం అక్షరాల గుంటలలోకి దిగుతుంది. పైన సిరా అద్దగా నల్లని నేలపై తెల్లని అక్షరాలు తేలుతాయి. రాతిలో బీట ఉంటే అదికూడా కాగితం మీదికి వస్తుంది. అరిగిపోయిన అక్షరం మాత్రం రాదు. కాగితాన్ని రాతిపక్కనే పెట్టి సరిచూసుకొనక ఇంటికి పోయినవాడు తరువాత చిక్కుపడతాడు.

కంప్యూటరు డిస్కుకు నకలు తీసేటప్పుడూ ఈ చిక్కులే ఎదురవుతాయి. ఒక డిస్కులోని సమస్తాన్నీ మరొక డిస్కుమీదికి ఉన్నదున్నట్లు దింపుటకు క్లోనింగ్ అని పేరు. అదే సమస్తాన్నీ ఒక పెద్ద ఫైలుగా కట్టి దాచినచో దానిని ఇమేజి అంటారు. రెండింటికీ సాఫ్టువేరులు కలవు. పని పూర్తి అయినదని తెరమీద వ్రాసి చూపుతాయి కూడా. యంత్రం కొత్త డిస్కుతో లేవకపోయినప్పుడే అసలు కథ మొదలవుతుంది.

దీనికి కారణాలు అనేకం. డిస్కులోని సమాచారం సెక్టారులనే చిన్న గళ్ళలో ఉంటుంది. ఒక్కొక్క గడి సాధారణంగా 512 బైట్లు గాని, 4096 బైట్లు గాని పడుతుంది. కొత్త డిస్కును బయటి పెట్టెలో ఉంచి యు.ఎస్.బి. తీగ ద్వారా నకలు తీసినప్పుడు, కొన్ని పెట్టెలు 512 బైట్ల గళ్ళనే 4096గా లెక్కచెబుతాయి. ఆ డిస్కును పెట్టెనుండి తీసి యంత్రంలో బిగించగానే లెక్క మారిపోతుంది. అక్షరాలన్నీ ఉన్నవి, పంక్తులు మాత్రం వేరేచోట విరిగినవి! ఇక పాతడిస్కులో చెడిన గళ్ళు ఉన్నచో కొన్ని సాఫ్టువేరులు అక్కడే ఆగిపోతాయి. ఆగినప్పుడెల్ల మళ్ళీ మొదటినుండి చదివించుట చావుబ్రతుకుల్లో ఉన్న డిస్కును పరుగెత్తించినట్లే. జి.ఎన్.యు. డి.డి.రెస్క్యూ అనే ఉచిత సాఫ్టువేరు ముందు మంచి భాగాలను దింపుకొని, చెడిన చోట్లను గుర్తుపెట్టుకొని, చివరలో వాటివద్దకు వస్తుంది. ఇది తెలివైన పద్ధతి.

సహాయం కోరినవాని కష్టం వేరు. సాఫ్టువేరు అమ్మినవారు తప్పు డిస్కుది అంటారు. డిస్కు అమ్మినవారు సాఫ్టువేరుది అంటారు. తెరమీద ఒక సంఖ్య తప్ప మరేమీ ఉండదు. అటువంటప్పుడు సాఫ్టువేరు వ్రాసుకొన్న లాగ్ ఫైలునూ, డిస్కు తన ఆరోగ్యాన్ని గురించి తానే వ్రాసుకొనే స్మార్ట్ పట్టికనూ ముందే భద్రపరచి పంపినచో వాదం కొంత తగ్గుతుంది.

నకలును మూలంతో పోల్చుటకు చెక్‌సమ్ అనే గణితపద్ధతి ఉన్నది. ఒక్క బిట్టు మారినా ఫలితం మారుతుంది. అయితే మూలమే ముందుగా చెడి ఉంటే, చెడిన మూలానికి చక్కని నకలు అని మాత్రమే అది చెప్పగలదు. కనుక పాత నకళ్ళనుకూడా కొంతకాలం ఉంచవలెను.

పెద్ద సంస్థలకూ ఈ చిక్కు తప్పలేదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఉద్యోగి పొరపాటున అసలు డేటాబేసును చెరిపివేశాడు. నకళ్ళకై పెట్టుకొన్న ఏర్పాట్లను చూడగా, రోజువారీ నకలు చాలాకాలంగా తయారు కావడమే లేదు. విఫలమైనదని తెలుపవలసిన ఉత్తరాలుకూడా చేరలేదు. ఆరు గంటల క్రితం మరొక పనికై తీసిన ప్రతి వారిని ఆదుకొన్నది. నడుమ జరిగిన మార్పులు పోయినవి.

అందువలన నకలు తీసిన పిమ్మట దానితో యంత్రాన్ని ఒకసారి నడిపి, నాలుగు ఫైళ్ళు తెరచి చూడవలెను. ఆ మొదటిసారి పాతడిస్కును విప్పి పక్కన పెట్టుట మేలు. రెండింటికీ గుర్తింపుసంఖ్య ఒకటే అగుటచే, రెండూ బిగించి ఉన్నచో విండోస్ వాటిలో ఒకదానిని పక్కకు నెట్టివేయవచ్చును.