పికప్పుకు పట్టీలు, పెద్ద టైర్లు: లాభం ఎవరికి, జరిమానా ఎవరికి?

మదనపల్లె టమాటా మార్కెట్టుకు పోయే దారుల్లో కమాన్లు కట్టే షెడ్లు చాలానే వున్నాయి. వాటి ముందు కాసేపు నిలబడితే ఒకటే పని మళ్ళీ మళ్ళీ కనపడుతుంది. పికప్పును వెనక వైపు జాకీల మీద లేపుతారు. యూ బోల్టులు విప్పుతారు. కమాను కట్టలో మరో రెండు పట్టీలు చేర్చి మళ్ళీ బిగిస్తారు. తర్వాత బండి టైర్ల కొట్టుకు పోతుంది. అక్కడ కంపెనీ యిచ్చిన కొలత కంటే ఒక సైజు పెద్ద టైర్లు ఎక్కిస్తారు. బండి వెనక భాగం నాలుగు వేళ్ళు పైకి లేస్తుంది. యజమాని చుట్టూ తిరిగి చూసుకుని, "యింక ఎంతేసినా దిగదు" అనుకుంటాడు.

రైతుల శీర్షికలో యీ మెకానిక్కు షెడ్డు గొడవ ఎందుకని పాఠకులు అడగవచ్చు. ఆ యజమాని ఎవరో చూస్తే జవాబు దొరుకుతుంది. రెండెకరాలో మూడెకరాలో సేద్యం వుండి, బోరు ఎండిపోయి, ఫైనాన్సులో బండి తీసుకున్న రైతు బిడ్డే చాలాచోట్ల ఆ డ్రైవరు. పొద్దున తన చేలో కాయ కోసుకుని, మధ్యాహ్నం వూరి వారందరి కాయా మార్కెట్టుకు తోలేవాడు అతనే. 2005లో టాటా ఏస్ వచ్చిన తర్వాత చిన్న సరుకు బండ్లు పల్లెల నిండా పెరిగాయి. ఎడ్లబండి చేసిన పని యిప్పుడు పికప్పు చేస్తున్నది. కనుక యిది రైతు సమస్యే.

పికప్పును ఎత్తు చేయటం అమెరికాలో పెద్ద సరదా. అక్కడి పికప్పు కంపెనీ నుంచి వచ్చేటప్పుడే ముందు భాగం కొంచెం పల్లంగా వుంటుంది. వెనక బరువు వేస్తే వెనక దిగుతుంది, అప్పుడు బండి సమంగా నిలుస్తుంది, అందుకని అలా చేస్తారు. బరువు ఎన్నడూ వేయని యజమానికి ఆ వంపు నచ్చదు. ముందు స్ప్రింగు మీద ఇనుప దిమ్మ పెట్టి ముందు భాగాన్ని రెండంగుళాలు లేపుతాడు. దాన్నే లెవెలింగ్ కిట్ అంటారు. లేచినచోట ఖాళీ దొరుకుతుంది కాబట్టి పెద్ద టైర్లు కూడా వేస్తాడు. మన శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు పికప్పులు తయారవుతున్నాయి. అలాంటి బండ్లకు యీ కిట్లు బిగించి కొండదారుల్లో తిరిగే షోకు మన దగ్గరా బయలుదేరింది. వారి డబ్బు, వారి సరదా. తేడా మాత్రం గమనించాలి. ఆ యజమాని బరువు వేయడు గనక బండి ముందు లేపుతాడు. మన రైతు బరువు మీరి వేస్తాడు గనక వెనక లేపుతాడు.

లేపటం వల్ల నిజంగా ఏమవుతుంది? ముందు టైరు సంగతి చూద్దాం. 215/75 ఆర్ 15 అనే కొలత టైరు నిలువు ఎత్తు సుమారు 703 మిల్లీమీటర్లు. 235/75 ఆర్ 15 వేస్తే 733 అవుతుంది. మూడు సెంటీమీటర్లు పెరిగింది కదా అంటే, నేలకూ ఇరుసుకూ మధ్య పెరిగేది అందులో సగమే, అంటే సెంటీమీటరున్నర. గుంతల బాటలో రాయికి తగిలేది ఇరుసు మధ్యలో వుండే గుండు. దానికి దొరికే అదనపు ఎత్తు వేలెడు కూడా లేదు. పట్టీలు వేస్తే చాసీ లేస్తుంది, తొట్టి లేస్తుంది, గుండు మాత్రం వున్నచోటే వుంటుంది. వేల రూపాయలు పోసి కొన్న ఎత్తులో చేను బాటకు పనికొచ్చేది అంతే.

పోయేది యింకా వుంది. టైరు చుట్టుకొలత నూటికి నాలుగు పాళ్ళు పెరిగితే, మీటరు మీద 60 చూపేటప్పుడు బండి 62 దాటి పోతూ వుంటుంది. యిది చిన్న విషయమే. కాని ఇంజను నుంచి నేలకు చేరే లాగుడు కూడా అదే పాలున తగ్గుతుంది. బరువుతో గుట్ట ఎక్కేటప్పుడు మూడో గేరులో పోయే బండి రెండో గేరు అడుగుతుంది. క్లచ్చు ప్లేటు కాలుతుంది, డీజిలు తాగుతుంది. బ్రేకు విషయంలోనూ యిదే లెక్క. చక్రం పెద్దదయ్యేకొద్దీ అదే బ్రేకు అంతే గట్టిగా పట్టినా నేల మీద ఆపే బలం తగ్గుతుంది. ఆపాల్సిన బరువు మాత్రం పెరిగి వుంటుంది. వెనక రెండు టైర్లే మార్చినవారికి స్టెప్నీ తంటా కూడా వుంది. వెనక ఒక పక్క పాత కొలత, ఒక పక్క కొత్త కొలత పడితే, తిన్నటి దారిలో కూడా ఇరుసు గుండులోని పళ్ళ చక్రాలకు తెరిపి వుండదు.

యిక పట్టీలు. కమాను కట్టలో పట్టీ చేరిస్తే కట్ట బిరుసెక్కుతుంది, బరువుకు తక్కువ వంగుతుంది. అంతవరకు నిజం. కాని బండి మోత అంటే కమాను ఒక్కటే కాదు. ఇరుసు, చక్రాల బేరింగులు, చాసీ, బ్రేకులు, టైర్లు, అన్నీ కలిసి మోస్తాయి. కమాను బలం పెంచినంత మాత్రాన మిగతావి బలపడవు. పైగా వంగి హెచ్చరించే కమాను వంగటం మానేస్తుంది. బరువు ఎక్కువైందని డ్రైవరుకు కంటికి తెలిసే గుర్తు అదొక్కటే. దాన్ని మనమే చెరిపేసుకుంటున్నాము. ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు బిరుసు కమాను మీద వెనక చక్రాలు ఎగిరెగిరి పడతాయి. వానలో మలుపు దగ్గర బండి తోక జారటానికి యిదొక కారణం.

షెడ్లలో ఎవరూ చెప్పని సంగతి మరొకటి వుంది. కొన్ని పికప్పులకు వెనక ఇరుసు నుంచి చాసీకి ఒక సన్నని కడ్డీ, దాని చివర బ్రేకు నూనె పోయే వాల్వు వుంటాయి. బరువుకు తొట్టి దిగితే కడ్డీ కదిలి, వెనక బ్రేకుకు ఒత్తిడి ఎక్కువ పంపమని వాల్వుకు చెబుతుంది. బండి ఖాళీగా వుంటే ఒత్తిడి తగ్గిస్తుంది, లేకపోతే వెనక చక్రాలు పట్టేసి బండి తిరగబడుతుంది. మంచి ఏర్పాటే. మరి పట్టీలు వేసిన బండి సంగతి? రెండు టన్నులు వేసినా తొట్టి దిగదు. వాల్వు బండి ఖాళీగా వుందనే అనుకుంటుంది, వెనక బ్రేకుకు ఒత్తిడి తగ్గించే పంపుతుంది. అంటే, బ్రేకు అన్నిటికన్నా ఎక్కువ కావలసిన రోజున అన్నిటికన్నా తక్కువ పడుతుంది! ఘాటు దిగేటప్పుడు "బ్రేకు ఫెయిలయింది" అని పేపర్లో రెండు లైన్లు వస్తాయి. ఫెయిలవటానికి వెనకున్న కథ ఆ రెండు లైన్లలో రాదు.

యివన్నీ డ్రైవర్లకు తెలియవా అంటే, చాలామందికి కొంత తెలుసు. తెలిసీ ఎందుకు వేస్తారు? చేను గట్టున జరిగే మాటలు వింటే అర్థమవుతుంది. "యింగో పది పడతాయి లేన్నా, మనూరి కాయే కదా" అని ఒకరు. "పడతాయి గానీ దారిలో ఆర్టీవో వుంటే?" అని డ్రైవరు. "యీ పొద్దు వుండర్లే, ఎయ్యి" అని యింకొకరు. బాడుగ క్రేటుకు యింత అని ఖరారు. బరువుతో పని లేదు, దూరంతో కొంత పని, క్రేట్ల సంఖ్యతోనే మొత్తం పని.

ఒక లెక్క వేసి చూద్దాం. 1,300 కిలోల మోతకు పాసయిన బండి, క్రేటు కాయతో కలిపి 25 కిలోలు అనుకుంటే, 52 క్రేట్లే వేయాలి. బాడుగ క్రేటుకు 20 రూపాయలనుకుందాం. 1,040 రూపాయలు వస్తాయి. డీజిలు, ఫైనాన్సు వాయిదా, టైరు అరుగుదల, కూలి పోతే అందులో మిగిలేది చేతిలోకి రాదు. 80 క్రేట్లు వేస్తే 1,600. ఆ పైన వచ్చిన 560 రూపాయలే ఆ రోజు యింటికి పోయే డబ్బు. అంటే న్యాయమైన బరువు వేసిన డ్రైవరుకు కూలి గిట్టదు. అన్యాయమైన బరువులోనే అతని కూలి దాక్కుని వుంది. యీ బాడుగ రేటు నిర్ణయమైనప్పుడే పట్టీలు వేయాలని కూడా నిర్ణయమైపోయింది. షెడ్డులో బిగించటం ఆ తర్వాతి మాట.

రైతుకూ యిందులో వాటా లేదని మేము అనము. బాడుగ తక్కువైతే అతనికీ నాలుగు రూపాయలు మిగులుతాయి. 2023 జూలైలో కిలో వంద రూపాయలు దాటిన టమాటా, మరో నెలలో బాడుగకు కూడా చాలని ధరకు పడిపోయే సరుకు. అలాంటి సరుకు పండించేవాడు క్రేటుకు రెండు రూపాయలు తగ్గినా వదులుకోడు. అయితే తొట్టిలో అదనంగా పోయిన సరుకు వల్ల ఏ కష్టమూ లేకుండా లాభపడేవారు మండీ వారు, బయటి వ్యాపారులు. వారికి సరుకు చవకగా చేరుతుంది. బండి తిరగబడితే వారి పేరు ఏ కాగితంలోనూ వుండదు.

జరిమానా కాగితంలో మాత్రం ఎవరి పేరుంటుంది? మోటారు వాహనాల చట్టాన్ని సవరించగా 2019 సెప్టెంబరు నుంచి అధిక బరువుకు చట్టంలో రాసిన జరిమానా 20,000 రూపాయలు, ఆ పైన ప్రతి అదనపు టన్నుకు 2,000. పట్టుబడినచోటే రాజీ కింద కట్టించుకునే మొత్తాన్ని రాష్ట్రాలు వేరుగా నిర్ణయించవచ్చు. చట్టంలోని అంకె చూసుకుంటే, 560 చొప్పున 36 ట్రిప్పుల అదనపు డబ్బు ఒక్క పూటలో పోతుంది. అదనపు సరుకు దించేదాకా బండి కదలనివ్వకపోవచ్చు. మే నెల ఎండలో రోడ్డు పక్కన దించిన టమాటా గతి రైతుకు చెప్పనక్కరలేదు.

బండి మార్పులకు వేరే శిక్ష వుంది. సరుకు బండి ఆర్.సి.లో టైర్ల సంఖ్య, రకం, కొలత రాయాలని 58వ సెక్షను. కంపెనీ యిచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 52వ సెక్షను. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు కూడా యీ మాటే గట్టిగా చెప్పింది. చట్టం ఒప్పుకోని మార్పుకు యజమానికి మార్పొక్కటికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ప్రమాదం జరిగితే పరిహారం ఎగ్గొట్టటానికి బీమా కంపెనీకి యింతకు మించిన సాకు అక్కరలేదు.

కాని అదే చట్టంలో, అధిక బరువుకు శిక్ష వేసే 194వ సెక్షనులో, మరో మాట వుంది. బండి తోలినవాడికే కాదు, తోలించినవాడికీ, తోలనిచ్చినవాడికీ అదే శిక్ష. బరువు వేయించిన మండీ వారికి యీ మాట ఎప్పుడు వర్తింపజేస్తారు? తనిఖీ రోడ్డు మీద జరుగుతుంది, బరువు ఎక్కేది గట్టు మీద, మండీ ముందు. అక్కడికి ఏ అధికారీ రాడు.

పాత సంగతి ఒకటి యిక్కడ గుర్తు చేయాలి. బండి చక్రానికి ఇనుప పట్టా పోయి రబ్బరు టైరు వచ్చినప్పుడు కూడా యిలాగే జరిగింది. బెంగుళూరు ఐఐఎం తొలి డైరెక్టరు ఎన్.ఎస్. రామస్వామి వంటివారు 1970లలో ఎడ్లబండిని బాగుచేయాలని పాటుపడ్డారు. ఎడ్ల మెడ మీద భారం తగ్గాలన్నది వారి ఉద్దేశ్యం. టైరు బండి సులువుగా దొర్లింది, నిజమే. సులువుగా దొర్లుతున్నదని చెరకు ఫ్యాక్టరీల ముందు బండికి బరువు పెంచారు. మెడ కాయలు కాయటం ఆగలేదు.

మరి బాట సంగతి? 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన వూరికి రోడ్డు వేసే పథకం, చేనుకు కాదు. వూరి రోడ్డు నుంచి చేను దాకా వుండే కిలోమీటరు, రెండు కిలోమీటర్లు వంకలో, రాళ్ళలో, ఎవరి లెక్కలోనూ లేకుండా వుంది. పెద్ద టైరు కొనే డబ్బంతా ఆ కిలోమీటరు కోసమే. నూరు పికప్పులకు నూరు జతల టైర్లు కొనే ఖర్చుతో ఎంత బాటకు గులకమట్టి పడుతుందో లెక్క కట్టటం కష్టం కాదు. మార్కెట్టు కమిటీల నిధులతో లింకు రోడ్లు వేయటం మనకు కొత్త కాదు. అదే పద్ధతిని చేను బాట దాకా పొడిగించమని రైతు సంఘాలు అడగాలి.

యీ లోగా బండి వున్నవారు చేయగలిగింది కొంత వుంది. కమాను అలిసిపోతే కొత్త పట్టీలు చేర్చకుండా, కంపెనీ కొలతవే పాతవాటి స్థానంలో వేయించుకోండి. యూ బోల్టులు కొద్ది రోజుల తర్వాత మళ్ళీ బిగింపు చూడండి. టైరు అదే కొలతలో, ఎక్కువ బరువు మోసే రకం దొరుకుతుంది. దాని పక్కన అచ్చువేసిన బరువు అంకె చదివించుకుని కొనండి, గాలి బరువుకు తగినట్టు పట్టించండి. క్రేట్లు తొట్టి తోక వైపు కాకుండా క్యాబిను వైపు నుంచి పేర్చండి. వెనక ఎక్కువైతే ముందు చక్రాలు తేలి స్టీరింగు మాట వినదు. యిప్పటికే పట్టీలు వేసి వుంటే వాల్వు కడ్డీని తెలిసిన మెకానిక్కుకు చూపండి. హెడ్‌లైట్లు దించి సరిచేయించండి. తోక బరువుతో దిగిన బండి వెలుతురు ఎదుటివాడి కళ్ళలో పడుతుంది.

సంఘాలు మాత్రం బాడుగ సంగతి పట్టుకోవాలి. క్రేటు లెక్క పోయి, కాటా లెక్కన కిలోకు యింత, దూరానికి యింత అని మార్కెట్టు కమిటీ, రైతులు, బండ్ల వారు కూర్చుని రేటు ఖరారు చేయాలి. పాసయిన బరువుకే కూలి గిట్టేట్టు ఆ రేటు వుండాలి. బండి బయలుదేరేటప్పుడు కాటా చీటీ రాయాలి. సరుకు వేయించిన వారి పేరు, మండీ నంబరు ఆ చీటీ మీద వుండాలి.