చివరి మడి దాకా: కళాశాలలో వికలాంగ విద్యార్థుల వసతులు

— ఒక తృతీయ బి.ఎస్సీ. విద్యార్థి

కాలువ కింద సేద్యం చేసేవాళ్ళకు ఒక సంగతి బాగా తెలుసు. డ్యాములో నీళ్ళెన్ని ఉన్నాయన్నది లెక్క కాదు. చివరి ఆయకట్టుకు ఎన్ని చేరాయన్నదే లెక్క. తూము పక్కన పొలం ఉన్న ఆసామి "ఈ ఏడు నీళ్ళకేం లోటు!" అంటాడు. చివరి మడి రైతు ఆయిల్ ఇంజను అద్దెకు తెచ్చుకుంటాడు, లేదా పొలం బీడు పెడతాడు. ఇద్దరూ కట్టే నీటి తీరువా మాత్రం ఒక్కటే. మాది చివరి మడి గనుక ఈ తేడా నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

కళాశాలలో కూడా ఇలాంటి తేడా ఒకటి ఉంది. ఫీజు అందరికీ ఒకటే, సిలబస్ ఒకటే, పరీక్ష ఒకటే. కాని మెట్లెక్కలేనివాడికి, బోర్డు కనిపించనివాడికి, పాఠం వినిపించనివాడికి ఆ చదువు ఎంతవరకు చేరుతోంది? చేరడానికి కళాశాల ఏంచెయ్యాలి? ఆ పనికి ముందు నిలబడి నడిపించేవారు ఎవరు? నాకు తెలిసినంత మేరకు ఈ విషయాలు విద్యార్థి మిత్రుల ముందు, పెద్దలైన అధ్యాపకుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఎవరు వీళ్ళు?

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షల మంది. అంటే నూటికి ఇద్దరికి పైగా. వికలాంగుడు అనగానే మనకు చేతికర్రో నల్లకళ్ళద్దాలో గుర్తుకొస్తాయి. 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. దాని స్థానంలో వచ్చిన 2016 చట్టం 21 రకాలను గుర్తించింది. చూపు, వినికిడి, నడక సంబంధమైనవే కాక తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వంటి రక్తవ్యాధులు, చదవడంలో రాయడంలో వచ్చే ప్రత్యేకమైన ఇబ్బందులు, మానసిక వ్యాధులు, యాసిడ్ దాడి వల్ల వచ్చిన వైకల్యం కూడా అందులో ఉన్నాయి. కనుక మన పక్క బెంచీలో కూర్చున్నవాడు కూడా ఈ కోవలోకి వచ్చి ఉండవచ్చు. మనకు తెలియకపోవచ్చు, వాడు చెప్పుకోకపోవచ్చు.

వైకల్యం 40 శాతానికి తగ్గకుండా ఉందని ధ్రువపత్రం ఉన్నవారికి ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతానికి తగ్గకుండా సీట్లు కేటాయించాలనీ, వయోపరిమితిలో అయిదేళ్ళ సడలింపు ఇవ్వాలనీ ఆ చట్టం చెబుతుంది. మన పల్లెల్లో "సదరం సర్టిఫికెట్టు" అంటే తెలియనివారు లేరు. పింఛను కోసం అందరికీ తెలుసు. చదువులో కూడా అది పనికొస్తుందని తెలిసినవాళ్ళు మాత్రం తక్కువ.

సీటు ఇచ్చినంతలో సరిపోతుందా?

సరిపోదు. పొలం పట్టా చేతికిచ్చి దారి ఇవ్వకపోతే ఆ పొలం దున్నేదెలా? అందుకే చట్టంలో ఇంకొక మాట ఉంది. తెలుగులో దాన్ని "సహేతుకమైన సర్దుబాటు" అనవచ్చు. ఒక మనిషి మిగతావారితో సమానంగా తన హక్కు అనుభవించడానికి అవసరమైన మార్పును, ఎదుటివారి మీద మోయలేని భారం పడకుండా, చేసిపెట్టడం అని దాని సారాంశం.

ఇక్కడ చాలామందికి ఒక అనుమానం వస్తుంది. "వాళ్ళకు ఎక్కువ టైమిస్తే, మనిషిని పెట్టి రాయిస్తే, మిగతావాళ్ళకు అన్యాయం కాదా?" అని. మనలో సగంమంది కళ్ళద్దాలు పెట్టుకుని పరీక్ష రాస్తాం. కళ్ళజోడు వల్ల ప్రశ్న సులువు కాలేదు, కనిపించింది, అంతే. సర్దుబాటు కూడా అలాంటిదే. ప్రశ్నపత్రం మారదు, మార్కులు దిద్దే పద్ధతి మారదు. చదువుకు సంబంధం లేని అడ్డు మాత్రం తీసివేస్తాం. కేంద్రప్రభుత్వం 2018 ఆగస్టు 29న ఇచ్చిన మార్గదర్శకాలు రాత పరీక్షలో గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా సమయం కలపాలని చెప్పాయి. అంటే మూడు గంటల పరీక్షకు ఇంకొక గంట. దాన్ని "అదనపు సమయం" అనరు, "పరిహార సమయం" అంటారు. పోయినదాన్ని తిరిగి ఇవ్వడమే గాని ఎక్కువ ఇవ్వడం కాదని ఆ పేరులోనే ఉంది.

ఇది లేకపోతే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాను. మా పెదనాన్నగారి అబ్బాయికి పదిహేనో ఏట మొక్కజొన్న నూర్చే మిషనులో కుడిచెయ్యి మోచేతి దాకా పోయింది. ఎడమచేత్తో రాయడం నేర్చుకుని ఇంటర్ పాసయ్యాడు. తొమ్మిదో తరగతిలో నాకు లెక్కలు చెప్పింది ఆయనే. ఒక కళాశాలలో బి.ఎస్సీ.లో చేరితే కెమిస్ట్రీ ల్యాబులో ఆపేశారు. "ఒక చేత్తో బ్యూరెట్ కాక్ తిప్పాలి, రెండో చేత్తో ఫ్లాస్కు కదపాలి. నీవల్ల కాదు నాయనా, బి.ఏ.కి మారిపో" అన్నారు. కసిరి అనలేదు, జాలిగానే అన్నారు. అన్నయ్య మారిపోయాడు. నేను డిగ్రీలో చేరాక మా ల్యాబులో మాగ్నెటిక్ స్టిరర్ చూశాను. ఫ్లాస్కులో చిన్న అయస్కాంతపు కడ్డీ వేసి యంత్రం మీద పెడితే ద్రావణం దానంతటదే తిరుగుతూ ఉంటుంది. ఒక చెయ్యి చాలు. ఇదేమీ కొత్తగా కనిపెట్టవలసిన వస్తువు కాదు, ఎన్నో ల్యాబుల్లో ఉన్నదే. "ఇతనికి ఏం కావాలి?" అని అడిగే మనిషి లేకపోవడమే అక్కడి లోటు.

ఇతరచోట్ల ఎలా మొదలైంది?

అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో టిమొతీ న్యూజెంట్ అనే ఆయన 1948లో వికలాంగ విద్యార్థుల కోసం ఒక కార్యక్రమం మొదలుపెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడి వచ్చిన సైనికులు చదువుకోవాలనుకున్న రోజులవి. భవనాలకు ర్యాంపులు కట్టారు, చక్రాల కుర్చీని ఎత్తి లోపలపెట్టే బస్సులు నడిపారు. వికలాంగులకు అనువుగా భవనాలెలా ఉండాలో చెప్పే మొట్టమొదటి అమెరికన్ ప్రమాణం 1961లో వచ్చింది. దానికి ఆధారం ఈ విశ్వవిద్యాలయంలో జరిగిన పనే.

కాలిఫోర్నియాలో ఎడ్ రాబర్ట్స్ అనే కుర్రవాడికి 1953లో, పద్నాలుగో ఏట, పోలియో వచ్చి మెడ కింద శరీరం చచ్చుపడింది. రాత్రిళ్ళు ఊపిరి కోసం ఇనుప యంత్రంలో పడుకోవాలి. 1962లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో చేరాడు. ఆ యంత్రం పెట్టడానికి హాస్టలు గది చాలక విద్యార్థుల ఆసుపత్రిలోనే మకాం ఇచ్చారు. క్రమంగా ఆయనలాంటివాళ్ళు ఇంకా చేరారు. 1970లో వికలాంగ విద్యార్థుల కోసం ఒక విభాగం ఏర్పడింది. సహాయకులను వెతికిపెట్టడం, చక్రాల కుర్చీలు బాగుచేయించడం, ఇళ్ళు చూపించడం దాని పనులు. విశేషమేమిటంటే ఏం కావాలో చెప్పిందీ, నడిపించిందీ ఆ విద్యార్థులే. "ఇతను పనిచేయడానికి తగడు" అని మొదట రాబర్ట్స్‌కు సహాయం నిరాకరించిన రాష్ట్రశాఖకు 1975లో ఆయనే డైరెక్టరయ్యాడు.

మనవాడి సంగతి

అంత దూరం వెళ్ళక్కర్లేదు. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో రైతు కుటుంబంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ పుట్టుకతోనే అంధుడు. పదో తరగతి తరువాత సైన్సు చదువుతానంటే, అంధులకు బొమ్మలు, గ్రాఫులు సాధ్యం కావని అప్పటి నిబంధనలు అడ్డొచ్చాయి. కోర్టుకు వెళ్ళి అనుమతి సాధించి, పాఠాలను ఆడియోగా విని, ఇంటర్‌లో 98 శాతం మార్కులు తెచ్చుకున్నాడు. అమెరికాలో ఎం.ఐ.టి.లో చదివి, తిరిగివచ్చి 2012లో హైదరాబాదులో పరిశ్రమ పెట్టాడు. ఆయన పట్టుదలను మెచ్చుకుంటాం, సినిమా కూడా వచ్చింది. కాని సైన్సు పుస్తకం తెరవడానికి ఒక పిల్లవాడు ముందు కోర్టు మెట్లెక్కవలసి రావడం మెచ్చుకోదగ్గ సంగతేమీ కాదు.

కోర్టుల మాట వచ్చింది గనుక ఇంకొకటి. రాస్తుంటే చేతివేళ్ళు బిగుసుకుపోయే జబ్బున్న ఒక అభ్యర్థికి సివిల్ సర్వీసు పరీక్షలో లేఖకుణ్ణి నిరాకరించారు. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, 40 శాతం ధ్రువపత్రం లేకపోయినా నిజంగా రాయలేని ఇబ్బంది ఉంటే లేఖకుణ్ణి ఇవ్వాలని తీర్పు చెప్పింది.

చేయవలసిన పనులు

మొదటిది దారి. ర్యాంపు వాలు పన్నెండుకు ఒకటి మించరాదు. ఒక్కొక్కటి 15 సెంటీమీటర్ల చొప్పున మూడు మెట్లుంటే ఎత్తు 45 సెంటీమీటర్లు, కాబట్టి ర్యాంపు పొడవు 5.4 మీటర్లు ఉండాలి. ఎందుకంటే, మనం ఫిజిక్సులో చదువుకున్న వాలుతలమే ఇది. మనిషీ కుర్చీ కలిపి 84 కిలోలనుకుంటే, ఘర్షణ వదిలేసి, ఈ వాలు మీద సుమారు 7 కిలోల బలంతో నెట్టవచ్చు. స్థలం చాలదని నాలుగుకు ఒకటి వాలుతో కడితే 20 కిలోలు దాటుతుంది. అది లారీలోకి బస్తాలెక్కించే బల్లలాంటిదే. పేరుకు ర్యాంపు, ఎక్కితే వెనక్కి పడతాడు. ర్యాంపు ఉండి మరుగుదొడ్డి తలుపు ఇరుకైతే అదీ వృథాయే. అలాంటిచోట పగలంతా మంచినీళ్ళు తాగకుండా గడిపే విద్యార్థులుంటారు.

రెండవది పుస్తకం. కంప్యూటరు తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఎన్.వి.డి.ఏ. అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. దాన్ని తయారుచేసినవారు ఇద్దరు ఆస్ట్రేలియా అంధ యువకులు. తెలుగు కూడా చదువుతుంది. కాని నోట్సును ఫోటో తీసి పంపిస్తే అది బొమ్మ, అక్షరాలు కావు, చదవలేదు. యూనికోడ్ కాని పాత డి.టి.పి. ఫాంట్లలో కొట్టిన తెలుగు నోట్సు చదివితే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు వినిపిస్తాయి. కనుక నోట్సు యూనికోడ్‌లో టైపు చేయిస్తే చాలు, పైసా ఖర్చు లేని సర్దుబాటు.

మూడవది తరగతి, ప్రయోగశాల. బోర్డు వైపు తిరిగి పాఠం చెబితే పెదవుల కదలిక చూసి అర్థం చేసుకునే విద్యార్థికి ఆ పాఠం పోయినట్టే. బోర్డు మీద రాసింది చదువుతూ రాస్తే చూపులేని విద్యార్థికి అందుతుంది. గ్రాఫును అట్టమీద దారం అంటించి వేళ్ళకు తెలిసేలా చేయవచ్చు. టైట్రేషనులో గులాబీ రంగు వచ్చిందా లేదా అన్నది పక్కవాడు చూసి చెప్పవచ్చు. ఎప్పుడు ఆపాలో, లెక్క ఎలా కట్టాలో నిర్ణయించేది ఆ విద్యార్థే.

నాలుగవది పరీక్ష. లేఖకుడి కోసం విద్యార్థే పరీక్ష ముందురోజు ఊరంతా తిరిగితే అది ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు ఉంటుంది. నేను ఒక ఇంటర్ విద్యార్థినికి లేఖకుడిగా కూర్చున్నాను. ఆమె చెప్పే సమీకరణంలో బ్రాకెట్టు ఎక్కడ ముగుస్తుందో తెలియాలంటే ముందే ఇద్దరూ కూర్చుని ఒక పద్ధతి అనుకోవాలి. ఒక్క పూట సాధన చేశాకే మా ఇద్దరికీ మాట కుదిరింది. అందుకే లేఖకుల జాబితా ముందుగా తయారుండాలి.

నడిపించేవారు ఎవరు?

పైవన్నీ తలా ఒకరి పని అయితే ఎవరి పనీ కాదు. కాలువకు లస్కరు ఉన్నట్టు దీనికీ ఒక బాధ్యుడు ఉండాలి. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ 2022లో ఉన్నత విద్యాసంస్థల కోసం ఈ వసతుల గురించి ప్రత్యేకంగా మార్గదర్శకాలు వెలువరించింది. ఆ కాగితాన్ని చేతల్లోకి తెచ్చేది ఒక అధ్యాపకుడో అధ్యాపకురాలో ముందుకొచ్చినప్పుడే. ఆ వ్యక్తి పని ప్రవేశాల సమయంలోనే మొదలవుతుంది. ఎవరికి ఏం కావాలో విడిగా, గుట్టుగా అడగాలి. మెట్లెక్కలేని విద్యార్థి ఉంటే ఆ సెక్షను తరగతులు కింది అంతస్తులో వేయించాలి. పుస్తకాల జాబితా ముందే తీసుకుని చదివించే రూపంలోకి మార్పించాలి. పరీక్షకు నెల ముందే లేఖకులను, సమయాన్ని ఖాయం చేయాలి. ఏడాది చివర "ఏది ఉపయోగపడింది, ఏది పడలేదు?" అని ఆ విద్యార్థులనే అడగాలి. వాళ్ళను అడగకుండా చేసిన ఏర్పాటు, కాలి కొలత తీసుకోకుండా కుట్టిన చెప్పు లాంటిది.

మన సంఘానికి నా మనవి

విద్యార్థి సంఘం వచ్చే ఏడాది చేపట్టదగినవి నాలుగు పనులు కనిపిస్తున్నాయి. ఒకటి, టేపు పట్టుకుని మన భవనాల మెట్లు, తలుపులు, మరుగుదొడ్లు కొలిచి ప్రిన్సిపాల్ గారికి నివేదిక ఇవ్వడం. రెండు, స్వచ్ఛందంగా వచ్చే లేఖకుల జాబితా తయారుచేసి వారికి ఒక పూట శిక్షణ ఇప్పించడం. మూడు, తరగతి నోట్సును యూనికోడ్‌లో టైపు చేసి అందరికీ అందుబాటులో పెట్టడం. నాలుగు, సంఘ కార్యవర్గంలో ఒక వికలాంగ విద్యార్థికి స్థానం ఇవ్వడం. మొదటి మూడింటికీ కావలసింది డబ్బు కంటే ఓపిక. నాలుగవదానికి కావలసింది మనసు. పూర్వవిద్యార్థులైన పెద్దలు తలచుకుంటే ఒక సరైన ర్యాంపు కట్టించడం వారికి అసాధ్యమేమీ కాదు.

మా అన్నయ్య ఇప్పుడు బి.ఏ. ముగించి గ్రూప్ పరీక్షలకు చదువుతున్నాడు. తప్పక నెగ్గుతాడని నా నమ్మకం. అయితే ఆయన ఇష్టపడింది కెమిస్ట్రీ. వచ్చే జూన్‌లో మన కళాశాల గేటు దాటి వచ్చే పిల్లల్లో అలాంటివారు ఉండనే ఉంటారు. "నీవల్ల కాదు" అనే ముందు "నీకేం కావాలి?" అని వారిని అడగడం మనం ఇప్పుడే అలవాటు చేసుకుందాం.