పదహారు కోర్లా, ఇరవై నాలుగా?

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ గురించి కంప్యూటర్ విడిభాగాలు కొనేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. సొంతంగా సిస్టమ్ కట్టించుకుందామని వెళ్లేవాళ్ల ఫోన్లో ఒక జాబితా సిద్ధంగా ఉంటుంది. పగలు వీడియో ఎడిటింగో త్రీడీ పనో చేసుకుని, రాత్రి గేమ్ ఆడుకోవాలనుకునేవాళ్ల జాబితాలో మొదటి వరుస దగ్గరే చర్చ ఆగిపోతుంది. ఏఎమ్‌డీ వారి రైజెన్ 9 9950ఎక్స్3డీ తీసుకోవాలా, ఇంటెల్ వారి కోర్ అల్ట్రా 9 285కె తీసుకోవాలా?

డబ్బాల మీది అంకెలు చూస్తే తికమక ఇంకా పెరుగుతుంది. ఇంటెల్ చిప్‌లో 24 కోర్లు, 24 థ్రెడ్లు. ఏఎమ్‌డీ చిప్‌లో 16 కోర్లే, కానీ థ్రెడ్లు 32. గరిష్ఠ వేగం రెండింటికీ 5.7 గిగాహెర్ట్జ్. ఇంటెల్‌ది 2024 అక్టోబరులో 589 డాలర్ల ధరతో వచ్చింది, ఏఎమ్‌డీది 2025 మార్చిలో 699 డాలర్లతో వచ్చింది. తక్కువ కోర్లున్న చిప్‌కు ఎక్కువ ధర ఎందుకన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. దానికి జవాబు కోర్ల లెక్కలో దొరకదు.

ముందుగా ఆ 24 ఎలా వచ్చిందో చూడాలి. ఇంటెల్ చిప్‌లో కోర్లన్నీ ఒక్క రకం కావు. ఎనిమిది పెద్ద కోర్లు వేగం కోసం ఉంటే, పదహారు చిన్న కోర్లు తక్కువ చోటులో, తక్కువ కరెంటుతో ఎక్కువ పని చేయడానికి ఉన్నాయి. ఒకే కోర్ మీద రెండు థ్రెడ్లు నడిపే హైపర్ థ్రెడింగ్‌ను ఇంటెల్ ఈ తరంలో తీసేసింది. అందుకే కోర్లూ థ్రెడ్లూ సమానం. ఏఎమ్‌డీ చిప్‌లోని పదహారూ ఒకే రకం పెద్ద కోర్లు, ఒక్కొక్కటీ రెండేసి థ్రెడ్లు నడుపుతుంది. కాబట్టి 24 పెద్దది, 16 చిన్నది అనే పోలిక ఇక్కడ పనికిరాదు. కోర్లున్న ముక్కలు మాత్రం రెండు కంపెనీలకూ తయారయ్యేది ఒకే చోట, తైవాన్‌కు చెందిన టీఎస్‌ఎమ్‌సీ కర్మాగారాల్లో. దశాబ్దాలపాటు సొంత ఫ్యాక్టరీలే తన బలమని చెప్పుకున్న ఇంటెల్, డెస్క్‌టాప్ చిప్‌లోని కీలక భాగాన్ని బయట చేయించుకోవడం చిన్న మార్పు కాదు.

ఇన్ని కోర్లు నిజంగా అక్కరకొచ్చే పనులు ఉన్నాయి. త్రీడీ రెండరింగ్ అందులో మొదటిది. ‘ఈగ’, ‘బాహుబలి’ సినిమాలకు పనిచేసిన హైదరాబాద్‌ మకుట లాంటి గ్రాఫిక్స్ స్టూడియోల పని తీరు చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. పది సెకన్ల షాట్ అంటే 240 బొమ్మలు. ఒక ఫ్రేములోని ఒక మూలను లెక్కగట్టడానికి ఇంకో మూల పూర్తయ్యేదాకా ఆగనక్కర్లేదు. అందుకని బ్లెండర్ లాంటి సాఫ్ట్‌వేర్ బొమ్మ లెక్కను చిన్న ముక్కలుగా విడగొట్టి, దొరికిన ప్రతి కోర్‌కూ పని పంచుతుంది. పెద్ద ప్రోగ్రామ్‌ను కంపైల్ చేయడం, వేల ఫైళ్లను కుదించడం కూడా ఇలాంటివే. ఈ పనుల్లో మన రెండు చిప్‌లూ దాదాపు భుజం భుజం కలిపి నడుస్తాయి. ఒక పరీక్షలో ఇది కొంచెం ముందుంటే, ఇంకోదాంట్లో అది. కేవలం రెండరింగ్ కోసమే కొనేవాళ్లు విడుదల ధరల లెక్కన ఏఎమ్‌డీకి 110 డాలర్లు ఎక్కువ పెట్టడానికి పెద్ద కారణం కనిపించదు.

గేమ్ దగ్గరికొచ్చేసరికి కథ మారుతుంది.

పెళ్లి వంటలో కూరలు తరగడానికి పదిమందిని పెడితే పని పదింతలు వేగంగా అవుతుంది. లడ్డూ పాకం దగ్గర మాత్రం ఒక్కరే నిలబడాలి, పాకం వచ్చేదాకా మిగతా తొమ్మిదిమందీ చూస్తూ ఉండాలి. గేమ్‌లో ప్రధాన థ్రెడ్ ఆ పాకం లాంటిది. ఆటగాడు మౌస్ కదిపాడు, దాన్నిబట్టి పాత్ర కదలాలి, తగిలిందో లేదో తేలాలి, ఏమేం గీయాలో గ్రాఫిక్స్ కార్డుకు చెప్పాలి. వీటిలో చాలావరకు ఒకదాని తర్వాత ఒకటిగా జరగాల్సినవే. 1967లో కంప్యూటర్ శాస్త్రవేత్త జీన్ ఆమ్డాల్ చెప్పిన సూత్రం ఇదే లెక్క తేలుస్తుంది. పనిలో సగం విడగొట్టడానికి వీల్లేనిదైతే, 16 కోర్లు పెట్టినా వేగం రెండింతలైనా కాదు, 1.88 రెట్ల దగ్గర ఆగిపోతుంది. 95 శాతం విడగొట్టగలిగినా 16 కోర్లతో వచ్చేది తొమ్మిది రెట్ల పైచిలుకే.

దీనికి తోడు గేమ్‌కు గడువు ఉంటుంది. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేముకు దొరికేది 16.7 మిల్లీసెకన్లు. 144 కావాలంటే 6.9 మిల్లీసెకన్లే. ఆ వ్యవధిలో ప్రాసెసర్ ఎక్కువసేపు లెక్కలు చేస్తూ గడుపుతుందనుకుంటారు చాలామంది. నిజానికి అది చాలాసార్లు ర్యామ్ నుంచి సమాచారం కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ర్యామ్‌లోంచి ఒక ముక్క తెచ్చుకోవడానికి సుమారు 80 నానోసెకన్లు పడితే, 5 గిగాహెర్ట్జ్ చిప్‌కు ఆ కాసేపట్లో 400 టిక్కులు వృథా అయినట్టే. కావలసింది చిప్‌లోనే ఉన్న క్యాష్ మెమరీలో దొరికితే ఆ నిరీక్షణ చాలావరకు తప్పుతుంది. గేమ్ ప్రపంచంలో వందల పాత్రలు, వేల వస్తువులు ఉంటాయి. తర్వాత దేని సమాచారం కావలసివస్తుందో ముందే ఊహించడం కష్టం. అందుకే గేమ్‌లకు పెద్ద క్యాష్ అంటే అంత ప్రీతి.

ఏఎమ్‌డీ చిప్ పేరు చివర్లోని ‘3డీ’ సూచించేది దీన్నే. 2022 ఏప్రిల్‌లో 5800ఎక్స్3డీ అనే ఎనిమిది కోర్ల చిప్‌తో ఆ కంపెనీ కొత్త దారి పట్టింది. కోర్లున్న సిలికాన్ ముక్క మీద 64 మెగాబైట్ల క్యాష్ ఉన్న ఇంకో ముక్కను, రాగి కాంటాక్టులు నేరుగా కలిసేలా అతికించింది. ఆలోచన గొప్పదే, కానీ చిక్కు కూడా అక్కడే వచ్చింది. పైనున్న ముక్క దుప్పటిలా వేడిని ఆపేది. దాంతో కోర్ల వేగం తగ్గించాల్సి వచ్చింది. గేమ్‌లో గెలిచిన చిప్ రెండరింగ్‌లో వెనకబడేది. 2024 నవంబరులో వచ్చిన 9800ఎక్స్3డీతో ఏఎమ్‌డీ ఆ వరుసను తలకిందులు చేసింది. క్యాష్ కిందికి పోయింది, కోర్లు పైకొచ్చి కూలర్‌కు దగ్గరయ్యాయి. 9950ఎక్స్3డీకి వచ్చిన గౌరవమంతా ఈ మార్పు వల్లే. మూడో స్థాయి క్యాష్ 128 మెగాబైట్లు ఉన్నా, 3డీ లేని తన తోడబుట్టిన 9950ఎక్స్‌తో రెండరింగ్‌లో దాదాపు సమానంగా నడుస్తుంది. ఇంటెల్ 285కెలో ఆ క్యాష్ 36 మెగాబైట్లు.

ఇంటెల్‌కు ఈ తరంలో ఇంకో దెబ్బ తగిలింది. చిప్‌ను ఒకే ముక్కగా కాకుండా పలకలుగా విడగొట్టినప్పుడు, మెమరీ కంట్రోలర్ కోర్లకు దూరంగా వేరే పలకలోకి వెళ్లింది. ర్యామ్ చేరే సమయం పెరిగింది. ఫలితంగా విడుదల నాడే చాలా గేమ్‌లలో 285కె తన అన్న 14900కె కంటే వెనకబడింది. తర్వాత వచ్చిన అప్‌డేట్లు కొంత సర్దినా ఏఎమ్‌డీతో దూరం చెరగలేదు. తమ చిప్ 1080పీలో 40 గేమ్‌ల సగటున 285కె కంటే 20 శాతం వేగమని ఏఎమ్‌డీ ప్రకటించింది. కంపెనీ చెప్పుకున్న అంకెను అలాగే మింగనక్కర్లేదు. అయితే ఏ కంపెనీకీ చెందని సమీక్షకుల పరీక్షల్లో కూడా గెలిచింది ఏఎమ్‌డీయే, తేడా చిన్నది కాదు.

ఇక్కడ ‘1080పీ’ అన్న మాటను దాటేయకూడదు. 4కె మానిటర్ మీద హంగులన్నీ పెట్టి ఆడేవాళ్లకు వేగాన్ని నిర్ణయించేది గ్రాఫిక్స్ కార్డు. అక్కడ ఈ రెండు ప్రాసెసర్ల తేడా చాలా గేమ్‌లలో కంటికి కనిపించనంత తగ్గిపోతుంది. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటి పోటీ గేమ్‌లను వేగమైన మానిటర్ మీద ఆడేవాళ్లకూ, ఫ్యాక్టోరియో, ఫ్లైట్ సిమ్యులేటర్ లాంటి భారీ లెక్కల గేమ్‌లను ఇష్టపడేవాళ్లకూ క్యాష్ విలువ ఎక్కువగా తెలుస్తుంది.

9950ఎక్స్3డీలో ఒక మెలిక ఉంది. దాని కోర్లు ఎనిమిదేసి చొప్పున రెండు ముక్కల్లో ఉంటాయి. అదనపు క్యాష్ ఒక్క ముక్క కిందే ఉంది. గేమ్ రెండో ముక్క మీదికి పోతే ఆ లాభం దక్కదు, రెండింటి మధ్య అటూఇటూ తిరిగితే ఇంకా నష్టం. అందుకే విండోస్‌లోని ఎక్స్‌బాక్స్ గేమ్ బార్ ఆట మొదలైందని పసిగడుతుంది, ఏఎమ్‌డీ డ్రైవర్ రెండో ముక్కను నిద్రపుచ్చుతుంది. అంటే ఆడేటప్పుడు ఈ 16 కోర్ల చిప్ దాదాపు 8 కోర్ల చిప్పే. గేమ్ బార్‌ను అనవసరమని తీసేసినవాళ్లూ, పాత విండోస్‌ను అలాగే ఉంచి చిప్ మాత్రం మార్చినవాళ్లూ ఫ్రేములు పడిపోతున్నాయని తలపట్టుకుంటుంటారు. విండోస్‌ను కొత్తగా వేసుకుని, చిప్‌సెట్ డ్రైవర్ ఎక్కించుకోవడమే దీనికి మందు.

ఇంకో మాట నిక్కచ్చిగా చెప్పాలి. గేమ్‌లు ఆడటం తప్ప ఇంకో పని లేనివాళ్లకు ఈ రెండూ అక్కర్లేదు. 479 డాలర్లకు విడుదలైన ఎనిమిది కోర్ల 9800ఎక్స్3డీ వాళ్లకు దాదాపు అంతే ఫలితం ఇస్తుంది. మిగిలిన డబ్బు గ్రాఫిక్స్ కార్డు మీద పెడితే తేడా కళ్లకు కనిపిస్తుంది.

మరి ఇంటెల్ ఎవరికి? పెళ్లిళ్ల వీడియోలు తీసేవాళ్లు ఈ పేరాను జాగ్రత్తగా చదవాలి. ఇప్పటి సోనీ, కానన్ కెమెరాలు చాలావరకు 10 బిట్ 4:2:2 పద్ధతిలో వీడియో రికార్డు చేయగలవు. రంగుల వివరం ఎక్కువగా నిలుస్తుంది కాబట్టి కలర్ గ్రేడింగ్‌కు అది మంచిది, ఎడిటింగ్ టైమ్‌లైన్ మీద మాత్రం బరువు. 285కెలోని అంతర్గత గ్రాఫిక్స్‌లో ఉన్న క్విక్ సింక్ అనే ప్రత్యేక భాగం ఈ వీడియోను నేరుగా విప్పేస్తుంది. ఏఎమ్‌డీ చిప్‌లోని చిన్న గ్రాఫిక్స్‌కు ఆ సామర్థ్యం లేదు, అది ప్రధానంగా తెరకు బొమ్మ అందించడానికే. ప్రీమియర్ ప్రోలో 285కె మంచి మార్కులు తెచ్చుకోవడానికి ఇదొక కారణం. అయితే ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 50 వరుస కార్డులు కూడా 4:2:2 వీడియోను విప్పగలవు. అలాంటి కార్డు కొంటున్నవాళ్లకు ఇంటెల్ మొగ్గు చాలావరకు తగ్గినట్టే. శాస్త్రీయ గణనలు, కొన్ని కృత్రిమ మేధ పనులు వాడుకునే ఏవీఎక్స్ 512 ఆదేశాలు మాత్రం ఏఎమ్‌డీలోనే ఉన్నాయి, 285కెలో లేవు.

నమ్మకం సంగతి కూడా బేరంలో భాగమే. 2024లో ఇంటెల్ 13, 14వ తరం పెద్ద చిప్‌లు గేమ్‌ల మధ్యలో కుప్పకూలుతున్నాయన్న ఫిర్యాదులు వెల్లువెత్తాయి. చిప్ అవసరానికి మించిన వోల్టేజ్ అడుగుతోందని ఆ ఏడాది జులైలో ఇంటెల్ ఒప్పుకుంది. మైక్రోకోడ్ సవరణలు విడుదల చేసి, వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. అప్పటికే చెడిన చిప్‌ను ఏ సవరణా బాగుచేయలేదు, మార్చుకోవాల్సిందే. 285కె ఆ కుటుంబం కాదు, ఆ లోపం దీనికి లేదని కంపెనీ చెప్పింది. ఏఎమ్‌డీ పక్షం కూడా పూర్తిగా మచ్చలేనిది కాదు. 2023లో కొన్ని మదర్‌బోర్డుల్లో వోల్టేజ్ హద్దు మీరి 7000 వరుస 3డీ చిప్‌లు కాలిపోతే, ఏఎమ్‌డీ ఆ వోల్టేజ్‌కు 1.3 వోల్టుల గీత గీయాల్సి వచ్చింది. ఏ చిప్ కొన్నా సిస్టమ్ మొదటిసారి ఆన్ చేసిన రోజే బయాస్ అప్‌డేట్ చేయించుకోవడం అందుకే ముఖ్యం.

వేడి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఇంటెల్ చిప్ గరిష్ఠంగా 250 వాట్ల దాకా లాగగలదు, ఏఎమ్‌డీ చిప్ అధికారిక రేటింగ్ 170 వాట్లు. బయట 42 డిగ్రీలుండే విజయవాడ మేలో, ఏసీ లేని గదిలో గంటల తరబడి రెండరింగ్ పెట్టేవాళ్లు కూలర్ దగ్గర పొదుపు చేయకూడదు. గేమ్ ఆడేటప్పుడు మాత్రం రెండూ అంత తినవు.

రాబోయే ఏళ్ల లెక్క వేసుకుంటే ఏఎమ్‌డీకి ఇంకో మార్కు పడుతుంది. 2022లో వచ్చిన ఏఎమ్5 సాకెట్‌ను 2027 వరకైనా కొనసాగిస్తామని ఆ కంపెనీ మాటిచ్చింది. దీనికి ముందున్న ఏఎమ్4 బోర్డులు చాలావాటిలో 2017 నాటి చిప్ తీసేసి 2022 నాటి 5800ఎక్స్3డీ పెట్టుకున్నవాళ్లు ఉన్నారు కాబట్టి ఆ మాటకు విలువ ఉంది. పగటి పని, రాత్రి ఆట రెండూ నిజంగానే చేసేవాళ్లకు 9950ఎక్స్3డీ అధిక ధరకు తగినదే. ఆట అరుదు, ఎడిటింగే అన్నం పెడుతుంది అనేవాళ్లు 285కె కొని మిగిలింది స్టోరేజీకి వాడుకోవచ్చు.

రెండింటిలో ఏది కొన్నా మెమరీ స్టిక్కులు రెండే తీసుకోవాలి. ఇప్పటికి రెండు చాలు, తర్వాత ఇంకో రెండు కలుపుదాం అనే పాత అలవాటు డీడీఆర్5తో సరిపడదు. 9950ఎక్స్3డీలో రెండు స్టిక్కులకు అధికారిక వేగం 5600 అయితే, నాలుగు స్లాట్లూ నింపగానే అది 3600కు దిగుతుంది. 64 గిగాబైట్లు కావాలంటే 32 చొప్పున రెండు, 128 కావాలంటే 64 చొప్పున రెండు అని దుకాణంలో మొదటే చెప్పాలి. నాలుగు స్లాట్లు, రెండు మెమరీ ఛానెళ్లు నిజంగా చాలనివాళ్లు ఈ రెండు చిప్‌లనూ పక్కన పెట్టి, నాలుగు ఛానెళ్లున్న ఏఎమ్‌డీ థ్రెడ్‌రిప్పర్ వైపు చూడాలి. అక్కడ 64 కోర్ల 9980ఎక్స్ విడుదల ధర 4,999 డాలర్లు.