మహాకాయుని సమ్మతి

ఏడడుగుల నాలుగంగుళముల ఎత్తును, 520 పౌనుల బరువును గలవాడని ప్రకటింపబడిన మల్లుని, అతడు తనంత తాను శరీరమును ఎదిరి చేతులకు అప్పగించిననే గాని, ఎంతటి వస్తాదైనను నేలనుండి పైకెత్తి కుదేయజాలడు. 1987 మార్చి 29వ తేదీన అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున, పాంటియాక్ పట్టణపు సిల్వర్‌డోమ్ క్రీడాభవనమందు జరిగిన మూడవ రెసిల్‌మేనియాలో హల్క్ హోగన్ ఆండ్రే ది జెయింట్‌ను ఎత్తి కుదేసిన క్షణము, వృత్తి కుస్తీ చరిత్రలో మిక్కిలి ప్రసిద్ధమైన క్షణము. ఆ ఘట్టమున ఎత్తినవానికంటె ఎత్తనిచ్చినవాడే నాకు గొప్పవాడుగా తోచును. జయాపజయములు ముందే నిర్ణయింపబడిన పోటీలో చూడదగినది ఏమున్నదని అడుగువారికి ఆనాటి తెరవెనుక వృత్తాంతమే సమాధానము.

పదునైదేండ్లుగా ఆండ్రే ఓటమి నెఱుగడనియు, అతనిని ఎత్తి పడవేసినవాడు పుట్టలేదనియు నిర్వాహకులు నెలల తరబడి చాటించిరి. యథార్థమునకు 1980 ఆగస్టు 9న న్యూయార్కులోని షే స్టేడియమున ఇదే హోగన్ ఇదే ఆండ్రేను ఎత్తి కుదేసియుండెను. అప్పుడు హోగన్ ప్రతినాయకుడు, ఆండ్రే జనప్రియుడు, గెలుపును ఆండ్రేదే. ఒక ఊరి పోరు మఱియొక ఊరి ప్రేక్షకునకు తెలియుట అరుదైన ఆ దినములలో అట్టి పాత సంగతిని కప్పిపుచ్చుట దుష్కరము కాలేదు. ఏడేండ్లలో పాత్రలు తారుమారై, అందఱకును ఆప్తుడైన ఆండ్రే, బాబీ హీనన్ అను కుటిల వ్యవహర్తను పక్కన నిలుపుకొని, హోగన్ మెడలోని శిలువను తెంచివేసిన మిత్రద్రోహిగా టెలివిజన్ తెరపై ప్రత్యక్షమయ్యెను.

ఆ మహాకాయము వరము కాదు, వ్యాధి. పీయూషగ్రంథి వికారముచేత పెరుగుదల హార్మోను మితిమీరి స్రవించెడి యాక్రోమెగాలీ అతని ఎముకలను, కీళ్లను జీవితాంతము పెంచుచు, నొప్పించుచు వచ్చినది. 1986లో ఇంగ్లండున ‘ది ప్రిన్సెస్ బ్రైడ్’ చలనచిత్రమున అతడు నటించుచున్న కాలమునకే వెన్ను ఎంతగా చెడినదనగా, కథానాయిక కిటికీనుండి అతని చేతులలోనికి దూకు దృశ్యమున ఆమె భారమును తీగలు మోయవలసివచ్చెను. కథలో పర్వతమువంటివాడైన మనిషికి ఒక సన్నని యువతి బరువు మోయరానిదైనది! వెన్నెముకకు శస్త్రచికిత్స చేయించుకొని, తిరిగి రింగులో అడుగిడునా లేదా యను సందేహము అందఱకును ఉండగా, అతడు పాంటియాక్ పోరునకు వచ్చెను. పూర్వము పొట్టి లాగుతో కనబడినవాడు ఆనాడు ఒక భుజముపై పట్టీగల నల్లని దుస్తు ధరించుటకు కారణము అలంకారము కాదు. లోపల వెన్నుకు కట్టుకొనిన ఆధారపు పట్టీ పైకి కనబడకుండుటయే.

సిల్వర్‌డోమ్ ఆనాడు డెట్రాయిట్ లయన్స్ ఫుట్‌బాల్ జట్టునకు నిలయముగా నుండెను. దాని గుడ్డకప్పు లోపలి గాలి ఒత్తిడిచేత నిలిచెడిది. ఆ కప్పుగుండ పగటి వెలుతురు దిగి జనసముద్రమును చూపుచుండగా కార్యక్రమము మొదలయ్యెను. ద్వారమునుండి రింగు వఱకు గల దూరము అతిదీర్ఘమగుటచేత, చిన్న రింగువలె అమర్చిన మోటారు బండ్లను చేయించి మల్లులను వానిపై తోడితెచ్చిరి. నడకయే కష్టమైన ఆండ్రేకు అది ఎంత ఉపకారమైనదో ఊహింపవచ్చును. ప్రేక్షకులు 93,173 మందియని ప్రకటన. కుస్తీ పాత్రికేయుడు డేవ్ మెల్ట్‌జర్ ఆ సంఖ్యను 78,000 ప్రాంతమునకు తగ్గించెను. 1990వ దశకమున మన ఊళ్లలో ఈ మల్లుల బొమ్మల కార్డులతో పందెములాడిన బాలురు వానిపై అచ్చయిన ఎత్తులను, బరువులను కంఠస్థము చేసి ప్రమాణముగా నమ్మిరి. అంకెలను పెంచి చెప్పుట ఆ వ్యాపారమున ఆద్యంతము ఉన్నదే.

ఆనాటి పండ్రెండు పోటీలలో రసజ్ఞులు నేటికిని తలచుకొనునది వేఱొకటి. ఇంటర్‌కాంటినెంటల్ బెల్టు కొఱకు ర్యాండీ సావేజ్, రికీ స్టీమ్‌బోట్ పోరిన పోరు పదునైదు నిముషములైనను నిండలేదు. కొన్ని మాసములకు ముందు సావేజ్ గంటతో స్టీమ్‌బోట్ కంఠమును నలుగగొట్టినట్లు కథ అల్లబడినది. ఆ కాలపు మల్లులు ముగింపును మాత్రము నిశ్చయించుకొని, తక్కిన పట్లను రింగులో జనుల స్పందనను బట్టి ఒకరి చెవిలో ఒకరు చెప్పుకొనుచు నడిపెడివారు. సావేజ్ మార్గము వేఱు. అతడు మొదటి పట్టునుండి తుది పట్టు వఱకు కాగితములపై అంకెలు వేసి వ్రాసెను. ఒకరినొకరు ప్రశ్నించుకొనుచు, ఫలానా అంకె తరువాత ఏమి వచ్చునో నాలుకపైకి వచ్చువఱకు ఇరువురును వల్లించిరి. స్టీమ్‌బోట్ ఈ సంగతిని తరువాత పలుమాఱులు చెప్పియున్నాడు. వేగముగా వచ్చి, రెండు లెక్కించులోపల విడిపోయిన ఆ పట్లను చూచినప్పుడు కంఠపాఠపు జాడ ఎక్కడను కనబడదు. అట్టి సాధనను కపటమనుట నాకు అన్యాయముగా తోచును. నాట్యకత్తె అడుగులు ముందే నిర్ణీతములని ఎవరును ఆమెను నిందింపరు గదా. గెలిచిన స్టీమ్‌బోట్, బిడ్డ పుట్టుక సందర్భమున సెలవు కోరుటచేత, జూన్ మాసమునకే ఆ బెల్టును కోల్పోయెను.

ప్రధానపోరు కళాదృష్టితో చూచినచో నిదానమైనది, ఒకచోట విసుగైనదియు. ఆండ్రే కదలలేడు గనుక దీర్ఘమైన ఆలింగనపు పట్టుతో కాలము గడపవలసివచ్చెను. ఆరంభముననే హోగన్ అతనిని ఎత్తబోయి వెల్లకిల పడగా, ఆండ్రే పైన పడి, రెఫరీ చేయి మూడవమాఱు నేలను తాకెనా లేదా యను సంశయము మిగిలెను. ఆ రెఫరీ జోయీ మారెల్లా. వ్యాఖ్యాతగా జెస్సీ వెంచురా సరసన కూర్చున్న గొరిల్లా మాన్‌సూన్ అతని పెంపుడు తండ్రియని నాటి ప్రేక్షకులలో అనేకులెఱుగరు. పండ్రెండు నిముషముల అంతమున ఆండ్రే వెన్నును అప్పగించెను, హోగన్ ఎత్తెను.

మూడవ లెక్కను గూర్చిన ఆ సంశయమే మఱుసటి కథకు బీజమైనది. 1988 ఫిబ్రవరి 5న ఎన్‌బీసీలో దాదాపు 3.3 కోట్లమంది చూచిన పోరులో, హోగన్ భుజము లేచియుండగనే రెఫరీ మూడు లెక్కించి ఆండ్రేను విజేతగా ప్రకటించెను. నియమిత రెఫరీయు, అతని స్థానమున వచ్చిన ఈ రెఫరీయు అగు హెబ్నర్ సోదరులు యథార్థముగా కవలలగుటచేత, ఒకరికి బదులు మఱియొకరు వచ్చిరను కల్పన నమ్మదగినదిగా అమరినది.

ఆండ్రే మఱి మూడేండ్లలోపల ఇంకను క్షీణించెను. 1990 ఏప్రిల్ 1న టొరంటోలోని స్కైడోమ్‌లో, అదే తీరు మోటారు బండిపై వచ్చి, తన చివరి రెసిల్‌మేనియా పోరులో తన జోడీ మల్లుడైన హాకుతో కలిసి జంట బెల్టులను పోగొట్టుకొనెను. హీనన్ నిందించి చెంపపై కొట్టగా, అతడు మూడేండ్ల ప్రతినాయకత్వమును విడిచి హీనన్‌ను, హాకును తరిమివేసి, బండిపై ఒంటరిగా వెడలెను. పాంటియాక్‌లో అతనిని ధిక్కరించిన ప్రజ టొరంటోలో లేచి జేజేలు పలికినది.