పిండములో నెత్తురుబాటలు

పొదుగుచున్న కోడిగ్రుడ్డు పెంకును 3వ నాడు మెల్లగా తొలగించి చూచినచో, పచ్చసొనపై ఎఱ్ఱని చుక్క ఒకటి అదరుచుండును. గ్రీకు పండితుడు అరిస్టాటిల్ 2,300 ఏండ్లకు పూర్వమే దీనిని గమనించి వ్రాసియుంచెను. ఆ చుక్కయే గుండె. చుట్టును వలవలె అల్లుకొన్నవి రక్తనాళములు. కన్ను, రెక్క తీరుగా ఏర్పడకముందే ఈ వల సిద్ధము కావలెను. లేనిచో పెరుగుచున్న పిండమునకు ఆహారమందదు, ప్రాణవాయువందదు.

మరి ఈ వలను నేయించునదేది? పిండములోని కణములు కొన్ని ఒక మాంసకృత్తును స్రవించును. శాస్త్రజ్ఞులు దానిని వీఈజీఎఫ్ అందురు. నాళములు కాదగిన కణముల పైపొరలో దానిని అందుకొను గ్రాహకములు కలవు. అది అందినంతనే ఆ కణములు వృద్ధిచెంది, ఒకదానినొకటి చేరి, గొట్టములుగా అమరును. ఈ గ్రాహకమునకు మూలమైన జన్యువును తొలగించి 1995లో పరీక్షింపగా, చిట్టెలుక పిండములు 10వ దినము చూడకయే మరణించినవి. వానిలో నాళములే పుట్టలేదు.

ఇందు వింతలేదు, పునాది లాగిన గోడ నిలుచునా? వింత మరుసటి యేట బయటపడినది. ప్రతి జన్యువునకును తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి, రెండు ప్రతులుండును గదా! ఒకటి చెడినను రెండవది పని నెట్టుకొని వచ్చుట సాధారణము. వీఈజీఎఫ్ జన్యువు అట్టిది కాదు. ఒక్క ప్రతి లోపించినను, 20 దినములకు పుట్టవలసిన చిట్టెలుక 11, 12 దినములకే కడుపులో మరణించునని 1996లో రెండు పరిశోధక బృందములు వేర్వేరుగా కనుగొన్నవి. సగము పాలు చాలదన్నమాట!

ఈ పాలును సరిచూచునది ప్రాణవాయువే. అది కొరవడిన కణములో జన్యువు చురుకెక్కును; నాళము వచ్చి వాయువు అందగనే మందగించును. కణము ప్రాణవాయువును గుర్తించు విధమును వెల్లడించిన కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజా గార్లకు 2019లో నోబెల్ బహుమానము లభించినది.

ఈ లెక్క తప్పినచో ఏమగునో నెలలు నిండని శిశువుల కన్నులు చూపినవి. కంటి లోపలి తెరపై నాళముల అల్లిక ప్రసవకాలము వరకు సాగుచుండును. ముందుగా పుట్టిన బిడ్డకు ప్రాణవాయువు మితిమీరి ఇచ్చినచో జన్యువు మందగించి, అల్లిక నడుమనే నిలిచిపోవును. పిదప ఎదుగుచున్న తెర వాయువునకై అలమటింపగా మాంసకృత్తు పొంగి, వెఱ్ఱినాళములు మొలచి, చూపును హరించును. 1940లలో ఎందరో శిశువులు ఇట్లు అంధులైరి. అధిక ప్రాణవాయువే కారణము కావచ్చునని 1951లో మెల్బోర్న్ వైద్యురాలు కేట్ కాంప్‌బెల్ సూచించెను. నాటికి ఈ జన్యువు పేరు ఎవరెఱుగుదురు?

నేడు వైద్యులు వాయువును కొలిచి ఇచ్చుచున్నారు. వెఱ్ఱినాళములు కనబడినచో వీఈజీఎఫ్‌ను అణచు మందును కంటిలోనికి సూదితో ఎక్కించుటయు కలదు. కాని శిశువు శరీరములో ఇతర అవయవముల నాళములకును ఆ మాంసకృత్తు కావలయును. కనుక ఎంత మందు చాలునో వారు నేటికిని తూచి తూచి నిర్ణయించుచున్నారు.