నెలనొప్పియు నోర్పును

“ఆఁడుపుట్టుకకు నెలనొప్పి తప్పదు, ఓర్చుకొనుము” అని కొయ్యూరు మన్యమునందేమి, మైదానమునందేమి, పెద్దలు బాలికలకుఁ జెప్పుచుందురు. బడి మాన్పించునంతటి నొప్పిని మేము సహజ మనఁజాలము.

ఎండోమెట్రియోసిస్ అను వ్యాధియందు గర్భాశయపు లోపొరను బోలిన కణజాలము వెలుపల, అండాశయాదులపైఁ బెరుగును. ప్రసవయోగ్య వయస్సుగల స్త్రీలలో నూటికి సుమారు 10 మందికి ఇది కలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ కణజాలము హార్మోనులకు లోఁబడి నెలనెలా వాచి రక్తమును స్రవించును. అచ్చట రక్షకకణములు గుమిగూడి ప్రోస్టాగ్లాండినులు మొదలగు ద్రవ్యములను విడుచును. అవి నరముల కొనలను రేపును. ఏండ్లతరబడి యిట్లు జరుగఁగా వెన్నుపాము, మెదడు సైతము నొప్పికి మొద్దుబాఱుటకు మాఱు మఱింత చుఱుకగును. కట్టె తీసినను పెనము కాలుచునే యుండునట్లు, వాపు తగ్గినను బాధ నిలువవచ్చును. ఓర్పు దీనికి మందు కాదు. ఓర్పును బోధించువారు తఱచుగా ఆ నొప్పి యెఱుఁగనివారే. మచ్చలు కొలఁదియైనను బాధ మిక్కుటము కావచ్చును. తల్లులు నొప్పి వచ్చిన తేదీలను వ్రాసియుంచి వైద్యురాలికిఁ జూపుదురుగాక.